ఎర్కనా మామా?

పణజీలో మాండవి నది మీద నిలబడి ఉండే కేసినో ఓడ నుంచి ఒడ్డుకు తెచ్చే చిన్న పడవలో అడిగాడు మా అల్లుడు. రాత్రి రెండు దాటింది.

"మామా, నీ ఎడమపక్క కూసున్నాయన ఎవరో ఎర్కనా?"

"పేకాట మంచిగ వచ్చినోడు" అన్నాను.

అల్లుడు నెత్తి పట్టుకున్నాడు. ఫోన్ తీసి బొమ్మ చూపించాడు. ఒంటి మీద దేశం పేరున్న చొక్కా, పైకెత్తిన రెండు చేతులు, వెనక వేలమంది జనం. ఆయనే. పేరు ఇక్కడ రాయను. నాలుగు గంటలు ఎవరికీ ఏమీ కాకుండా కూర్చుందామని వచ్చిన మనిషి, ఆ నాలుగు గంటలూ ఆయనకే ఉండనీ.

మాది అచ్చంపేట. తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. టీవీలో మ్యాచ్ పెడితే వేరే గదిలోకి పోయే రకం. నాకు తెలిసిన ఆటల్లా పెళ్లిళ్లలో జంపఖానా పరిచి ఆడే పదమూడు ముక్కల రమ్మీ. పైసలు లేకుండానే అని రాయాలి కాబట్టి రాస్తున్నాను; 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2017లో బిగించాక అది నిజం కూడా అయింది. ఓడ మీద ఆడింది పోకర్. మన మూడు ముక్కలాటకు పట్నంలో చదువుకున్న తమ్ముడు. చేతిలో రెండే ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. గంటలో పట్టుబడింది.

పక్కాయన గురించి నాకు తెలిసింది ఇంతే. కుడిచేతి చిటికెన వేలు విరిగి అతుక్కున్నట్టు బయటికి వంగి ఉంది. ఆట వదులుకున్నప్పుడల్లా ముక్కల్ని విసరకుండా, అడిగి తెచ్చిన వస్తువు తిరిగిచ్చినట్టు మెల్లగా ముందుకు జరిపేవాడు. జేబులోంచి వక్కపొడి డబ్బా తీసి చూపిస్తే చెయ్యి చాపి తీసుకున్నాడు. ఒకసారి నా చేతికి రెండు రాణులొచ్చాయి. ఆయన పెంచాడు. నా ముందున్న బిళ్లలన్నీ బల్ల మధ్యకు తోశాను. నా మొహంలోకి చాలాసేపు చూసి, ముక్కలు జరిపేసి, "రాణులా అంకుల్?" అన్నాడు హిందీలో. చెప్పనన్నాను. పెద్దగా నవ్వాడు. చుట్టూ జనం మా బల్ల వైపే చూస్తుంటే నా గెలుపునే చూస్తున్నారనుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఆయనతో కూర్చున్నట్టా, కాదా?

పదో శతాబ్దంలో కాశ్మీరు శైవుడు ఉత్పలదేవుడు దీనికి జవాబు చెప్పి పెట్టాడు. ఒక అమ్మాయి కంటితో చూడని వాడి గుణాలు విని మనసిచ్చింది. మొక్కగా మొక్కగా అతను వచ్చి ఎదుటే నిలబడ్డాడు. ఫలానా అని తెలియక ఆమెకు అతను అందరిలాంటి మగవాడే, ఆనందం లేదు. ఎవరో గుర్తు చెప్పాకే అన్నీ. దేవుడూ అంతేనట: ఎదుటే ఉన్నాడు, లోపలే ఉన్నాడు, గుర్తుపట్టడమే తరువాయి. ఆ దర్శనానికి ప్రత్యభిజ్ఞ అనే పేరొచ్చింది కూడా అందుకే. ఈ లెక్కన నాకు దక్కింది వక్కపొడి ఖర్చు.

కానీ పురాణాలు చెప్పుకుని బతికినవాణ్ణి, వాదించకుండా ఎలా? భారతంలో ఋతుపర్ణుడు నాలాంటివాడే. రథం తోలుతున్న బాహుకుడు నలుడని తెలియదు. దారిలో తానిచెట్టు ఆకులూ కాయలూ లెక్క చెప్పి, అక్షహృదయాన్ని, అంటే పాచికల మర్మాన్ని అతనికే ఇచ్చాడు. (త్రిఫల చూర్ణంలో వేసే తానికాయే, మా అమ్రాబాద్ అడవిలో ఆ చెట్లున్నాయి. వేదకాలంలో ఆ కాయలతోనే జూదమాడేవారు.) ఎదుట ఉన్నది జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలమహారాజని తెలిస్తే ఆ విద్య ఇచ్చేవాడా? విరటుడి సంగతి మరీ చిత్రం. కంకుభట్టుతో పాచికలాడుతూ, బృహన్నలను పొగిడాడన్న కోపంతో ఆ పాచికతోనే మొహం మీద కొట్టాడు. ధర్మరాజని తెలిశాక సిగ్గుపడ్డాడు, నిజమే. అయితే ధర్మరాజుకు ఆ ఏడాది కావలసింది ఏమిటి? ఎవరూ గుర్తుపట్టకపోవడం. గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. అందరూ గుర్తుపట్టిన చోట ఆట వేరు: 2014లో లండన్ కేసినోలో టెన్నిస్ నడాల్, ఫుట్‌బాల్ ఆడే బ్రెజిల్ రొనాల్డో ఎదురెదురుగా కూర్చుని పోకరాడితే కెమెరాలు కాపలా కాశాయి. అక్కడ వక్కపొడి ఇచ్చేవాడు లేడు.

మా నాయిన అచల ఉపదేశం తీసుకున్నాడు. పాలమూరు ఊళ్లలో అచల గురువుల ఆరాధనలు ఇప్పటికీ జరుగుతాయి. వాళ్ల మాట ఉత్పలదేవుడికి అడ్డంగా ఉంటుంది: ఎరుకే అబద్ధం, బయలే నిజం. చిన్నప్పుడు ఈ మాట నాకు పొడుపుకథలా ఉండేది. ఎర్కనా, ఎర్కలేదు అని రోజుకు వందసార్లు అనే ఊళ్లో ఎరుక అబద్ధమెట్లా అవుతుంది?

పడవలో ఆ ఫోన్ చూశాక ఏమైందో చెప్తాను. వంకర వేలు ఏదో పెద్ద మ్యాచ్‌లో తగిలిన దెబ్బ అయిపోయింది. మెల్లగా ముక్కలు జరపడం చాంపియన్ నిబ్బరమైపోయింది. రాణుల ఆట నేను గెలిచింది కాదు, ముసలాయన కదా అని ఆయన వదిలేసిందేమో. ఇన్ని తెలిశాక నా పక్కన నాలుగు గంటలు కూర్చున్న మనిషి ఎంత తలచుకున్నా దొరకడం లేదు. ఆయన స్థానంలో ఫోన్‌లో బొమ్మ కూర్చుని ఉంది. నాయిన ఉంటే నవ్వేవాడు.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అల్లుడు చెప్పాడు. మొన్న ఓ పెళ్లిలో నలుగురు నా చుట్టూ చేరి, ఫోటో దిగలేదా సార్, కనీసం సంతకమన్నా తీసుకోలేదా అని ఒకటే బాధపడ్డారు. రాణుల సంగతి ఒక్కరూ అడగలేదు.

పోయిన వారం టీవీలో ఆయన్ని చూపించారు. గది మారకుండా కూర్చున్నాను. కళ్లజోడు పెట్టుకుని ఆ చిటికెన వేలు కోసం వెతికాను. కెమెరా అంత దగ్గరికి పోలేదు.