పగిలిన అద్దం, ఆయుధ పూజ

దసరాకు కారు తాళాలు, స్టెతస్కోపు, ల్యాప్‌టాప్ పీట మీద పెట్టి పసుపు కుంకుమలు అద్దుతాం. ఆ పీట మీదే ఉన్న ఫోను మర్నాడు కింద పడి అద్దం పగిలితే "కొత్తది కొనేద్దాం" అంటాం. మనమే విప్పి మారుద్దామని పిల్లలంటే, వెళ్ళి చదువుకోమంటాం.

ఇక్కడ అమెరికాలో 2022లోనే ఆపిల్ కంపెనీ తన ఫోన్ల విడిభాగాలను, పనిముట్లను మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో 2022లో, కాలిఫోర్నియాలో 2023లో మరమ్మతు హక్కు చట్టాలు వచ్చాయి. పని సున్నితమైనదే. అంచులు వెచ్చబరచి, జిగురు మెత్తబడ్డాక అద్దాన్ని మెల్లగా ఎత్తాలి. బ్యాటరీ కనెక్షన్ విడదీశాకే మిగతా కేబుళ్ళ జోలికి వెళ్ళాలి. నువ్వుగింజంత స్క్రూలు ఏది ఎక్కడిదో కాగితం మీద వరుసగా పెట్టుకోవాలి. బ్యాటరీకి మొన గుచ్చుకుంటే మంటలు రావచ్చు. అది ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆపేసి తెలిసినవారికి అప్పగించాలి. (సొంత వైద్యానికీ హద్దుంటుందని రోజూ చెప్పేవాళ్ళమే కదా!)

"మన గంట ఖరీదు చూసుకుంటే దండగ" అని మా వైద్యులు లెక్కలు చెబుతారు. ఆ లెక్క మాకు నచ్చదు. ఆపరేషన్ గదిలో చేతిపనికి అంత గౌరవమిస్తాం కదా, వంటింటి బల్ల దగ్గర అదెందుకు చిన్నతనమవుతుంది? పనిముట్టుకు దణ్ణం పెట్టి పనిని ఇంకొకరికి వదిలేసే అలవాటు మనతోపాటే విమానమెక్కినట్టుంది. ఈసారి పిల్లలు అడిగితే, బల్ల మీద తెల్లకాగితం పరిచి పక్కన కూర్చుందాం. ఒక మధ్యాహ్నం పడుతుందేమో.