వదిలేసిందెవరు?

'పాడుబడ్డ గనులు', 'వదిలేసిన యంత్రాలు' అని రాస్తుంటాం. ఈ మాటల్లో వదిలేసినవాళ్లు ఎక్కడా కనపడరు. యంత్రం తనంతట తానే ఆగిపోయినట్టు, తుప్పు తనంతట తానే పట్టినట్టు ఉంటుంది వాక్యం. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ముందు వ్యాకరణమే కాలికి అడ్డం తగులుతుంది. కర్త లేని ఈ మాట ఎవరికి సౌకర్యం?

ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది కోలారు బంగారు గనుల దగ్గర. గని కుటుంబాల తెలుగు స్త్రీల పాటలు వెతుక్కుంటూ ఆదోని నుంచి అక్కడికి వెళ్లాను. బావి మీద నిలబెట్టిన ఇనుప గోపురాలు, వాటి తల మీద పెద్ద చక్రాలు, మనుషుల్నీ రాతినీ పైకి లాగిన ఇంజన్ల గదులు. 1880లలో జాన్ టేలర్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఇంకా మన ఊళ్లలో ఎవరూ బల్బు చూడని రోజులవి. 1956లో గనులు ప్రభుత్వం చేతికొచ్చాయి, 2001లో మూతపడ్డాయి. అప్పటికి మూడు కిలోమీటర్లు దాటిన లోతు. సైనైడుతో బంగారం తీసుకున్నాక మిగిలిన మట్టి మాత్రం గుట్టలుగా పైనే ఉండిపోయింది.

ఆ గుట్టలు ఫోటోలో అచ్చం ఎడారిలా ఉంటాయి. సినిమావాళ్లూ అక్కడికి వచ్చి వెళ్లారు. నేను వెళ్లిన రోజు నలుగురైదుగురు కుర్రవాళ్లు కెమెరాలతో ఉన్నారు. తుప్పు రంగు చూసి మురిసిపోతున్నారు. అందంతో నాకు తగాదా లేదు. సాయంత్రపుటెండలో ఆ తుప్పు నిజంగానే బాగుంటుంది. కానీ ఆ బొమ్మ ఎడారిలా రావాలంటే చట్రంలోంచి వేటిని తప్పించాలో చూడండి. వెనకాల వరస ఇళ్లను తప్పించాలి. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి పనికిపోయేవాళ్లను తప్పించాలి. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పోయినవాళ్ల భార్యలను తప్పించాలి. నిర్జనం అనేది అక్కడ ఉన్నది కాదు, మనం తయారుచేసేది.

ఆ భార్యల్లో ఒకామె చిత్తూరు వైపు నుంచి కోడలిగా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. గని గురించి అడిగితే, "నేనేడ చూసినానమ్మా, ఆడోళ్లను దిగనిచ్చేవోళ్లు కాదు గదా" అంది. కాసేపటికి తనే, "ఆయప్ప గుడ్డలు ఉతికితే తొట్టి అడుగున ఇంత ఒండు" అని అరచెయ్యి చూపించింది. గని సైరనే ఆమెకు గడియారం. అది ఆగిపోయాక చాలాకాలం ఎప్పుడు పొయ్యి వెలిగించాలో తెలిసేది కాదట. నా పాటల నోటు పుస్తకంలో ఆ రోజు పాట ఒక్కటీ లేదు, ఇవే ఉన్నాయి.

స్త్రీలు భూగర్భంలో పనిచెయ్యకూడదని 1952 గనుల చట్టం చెప్పింది. 2019లో సడలింపు ఇచ్చారు, అదీ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకే. ఇక్కడ నేను తేలిగ్గా ఒక పక్షం తీసుకోలేను. ఆడవాళ్లూ ఆ బావిలోకి దిగి ఆ దుమ్ము పీల్చి ఉండాల్సిందని ఎలా అంటాను? అదే సమయంలో ఆ రక్షణ దేన్నుంచి రక్షించిందని అడక్కుండా ఉండలేను. దుమ్ము ఎలాగూ చొక్కా వెంట ఇంటికి వచ్చింది. చట్టం ఆపింది ఆమె పేరును మాత్రమే. మస్టరులో పేరు లేని మనిషికి గని మూతపడినప్పుడు లెక్క తేల్చాల్సిన పనేముంది? పైన పనుల్లో చేరిన కొద్దిమంది స్త్రీలను పక్కనపెడితే, మిగిలినవాళ్లు ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల కిందికి కూడా రారు. 'వదిలేసిన' అన్న మాటకు కర్మగా కూడా వాళ్లు చాలలేదు.

ఇది గనులకే పరిమితమైన సంగతి కాదు. మా పక్కనే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. ఆ ఊరి చరిత్ర అంతా మగ్గాల చరిత్ర. మగ్గం మీద కూర్చున్నది ఎక్కువగా మగవాడు. కండెలు చుట్టింది, నూలు సవరించింది ఆడవాళ్లు. మగ్గం ఆగిపోయింది అని అందరం బాధపడతాం, రాట్నం ఆగిపోయింది అని ఎవరైనా అనగా విన్నారా? ఆదోని పత్తి మిల్లుల్లో దూదిపొగలాంటి గాలిలో పనిచేసిన ఆడకూలీలూ అంతే. మిల్లు మూతపడితే బోర్డు మిగులుతుంది, గోడౌన్ మిగులుతుంది. వాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోతారు. కోసిగి, కౌతాళం పల్లెల్లో తాళాలు పడ్డ ఇళ్లను చూసి వాటినీ ఎవరైనా 'వదిలేసిన ఇళ్లు' అని ఫోటో తీస్తారేమో. అందులో ముసలమ్మ ఉంటుంది, బడికి పోవాల్సిన పిల్ల ఉంటుంది.

పాతవాటిలో వెతకడం తప్పని నేననను. వెతికే హక్కు అందరికీ ఒకేలా లేదనే అంటున్నాను. తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల తొలకరి పడగానే చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, సద్దిమూట కట్టుకుని, పిల్లల్ని చెట్టుకింద కూర్చోబెట్టి. అశోకుడి సువర్ణగిరి ఈ ఊరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. అక్కడ బంగారం తవ్వడానికి కంపెనీకి లీజు కూడా వచ్చింది. అదే నేలలో కంపెనీవాళ్లు చేసేది అన్వేషణ, నాలాంటివాళ్లు చేసేది పరిశోధన. వంగి వంగి నడుం పట్టేసిన కూలిమనిషి చేసేది 'పిచ్చి ఆశ'. పత్రికలు ఏటా ఆ మాటే రాస్తాయి.

నిరుడు వానల్లో అక్కడొకామెను పలకరించాను. ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చింది, మూడో రోజట. ఏమన్నా దొరికిందా అని అడిగాను.

"దొరికితే నీకు సెప్తానా అక్కా?" అని నవ్వి, మళ్లీ నేల మీదికి వంగింది. కొంచెం ముందుకు జరిగాక తలెత్తకుండానే అడిగింది: "నువ్వేం ఎతుకుతుండావు మరి?"