అవ్వది నిండు బతుకు



ధమ్మ బంధువులారా, ఈసారి మన ఇంటి పెద్దామె గురించి మాట్లాడుకుందాం. అవ్వ అనండి, నాయనమ్మ అనండి, అమ్మమ్మ అనండి. మనవళ్లను, మునిమనవళ్లను ఎత్తుకుని, నిండా బతికి వెళ్లిపోయింది. మూడో రోజుకే చుట్టాలు మొదలుపెడతారు: "పెద్ద కర్మ ఎప్పుడు? పిండం పెట్టరా? కాకి ముట్టకపోతే ముసలామె ఆత్మ ఈ ఇంటి చుట్టే తిరుగుతుంది." అప్పుడు మీరేం చెబుతారు?

ఇలాంటి దుఃఖంతోనే ఒక రాజు బుద్ధుడి దగ్గరకు వచ్చాడు. ఆయన కోసల రాజు పసేనది. సంయుత్త నికాయంలో ఆ కథ ఉంది. మిట్టమధ్యాహ్నం వచ్చిన రాజును ఎక్కడి నుంచి వస్తున్నావని బుద్ధుడు అడిగాడు. మా అవ్వ చనిపోయింది, ఆమెకు 120 ఏళ్లు, ఆమె అంటే నాకు ప్రాణం అన్నాడు రాజు. పట్టపుటేనుగునిస్తే అవ్వ బతుకుతుందంటే ఇచ్చేసేవాణ్ణి, మేలుజాతి గుర్రాన్ని, ఊరిని, జనపదాన్నే ఇచ్చేసేవాణ్ణి అని చెప్పుకున్నాడు.

బుద్ధుడు ఏం చేశాడో చూడండి. నూటఇరవై ఏళ్ల ముసలామె కోసం ఏడుపెందుకని ఎగతాళి చేయలేదు. పిండం పెట్టమనలేదు, హోమం చేయమనలేదు. పుట్టిన వాళ్లందరికీ చావు తప్పదన్నాడు. కుమ్మరి చేసిన కుండ పచ్చిదైనా కాల్చినదైనా చివరికి పగిలేదే అని చెప్పాడు. మనతో వచ్చేది మనం చేసిన పనే, కాబట్టి మంచి చేయండి అన్నాడు. దుఃఖాన్ని తప్పుపట్టలేదు. దానికి ఒక దారి చూపించాడు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి ఇదే: శ్రాద్ధం చేయను, పిండదానం చేయను. అవ్వను మరిచిపొమ్మని దాని అర్థం కాదు. బాబాసాహెబ్ చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. మేనత్త మీరాబాయి పెంచింది. పెద్దామె చేతి అన్నం విలువ ఆయనకు తెలియనిదా? ఆయన వద్దన్నది మన దుఃఖం మీద ఇంకొకడు దక్షిణ తీసుకోవడాన్ని. అప్పు తెచ్చి కర్మ చేసి, ఆ అప్పు తీర్చడానికి ఏళ్లకేళ్లు కూలికి పోవడాన్ని.

మరి ఏం చేయాలి? బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం పక్కన అవ్వ ఫోటో పెట్టండి. అందరూ కూర్చుని త్రిశరణాలు, పంచశీల చెప్పండి. తర్వాత ఒక్కొక్కరు అవ్వ గురించి ఒక నిజమైన మాట చెప్పండి. ఎవరి పొలంలో నాట్లు వేసింది, ఎంత దూరం నుంచి నీళ్లు మోసింది, ఏ కరువులో ఏం వండి పెట్టింది, ఎవరి మాటకు ఎదురు తిరిగింది. కోపిష్ఠి అయితే కోపిష్ఠనే చెప్పండి. అబద్ధం ఆడనని శీలం తీసుకున్నవాళ్లం, అవ్వను దేవతను చేయక్కర్లేదు. ఆమె పోచమ్మకు మొక్కి ఉండవచ్చు, చర్చికి పోయి ఉండవచ్చు. దాచకండి. ఆమె మోసిన నీళ్లు తాగి పెరిగాం కాబట్టే ఈరోజు ధమ్మం చదవగలుగుతున్నాం.

కర్మకు పెట్టే డబ్బులో కొంతైనా వాడలోని పిల్లలకు పుస్తకాలు కొనండి. అదే దానం.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో మీ నాన్నే పిండం పెడతానంటే, శవం ముందు గొడవ పడకండి. ఆయన తల్లిని పోగొట్టుకున్నాడు. ఈ మాటలు ముందే, తీరిక వేళ, మెల్లగా మాట్లాడుకోవాల్సినవి. మీరు మాత్రం మీ ప్రతిజ్ఞ మీద నిలబడండి.

అవ్వ ఇంకా ఉందా? అయితే ఈ సాయంత్రమే పక్కన కూర్చోండి. ఫలానావాళ్ల భార్య, ఫలానావాళ్ల తల్లి అనిపించుకుంటూనే బతికిన ఆమెకు చిన్నప్పుడు పుట్టింటివాళ్లు ఏమని పిలిచేవారో అడగండి. నోటుపుస్తకంలో రాసుకోండి. పోయాక పిండం పెట్టేకంటే, ఉన్నప్పుడు ఒక ముద్ద కలిపి తినిపించడం మేలు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.