కడుపు నిండితే హక్కు తీరినట్లేనా?

పండుగ మరునాడు పిల్లల్ని తీసుకొని జూకు వెళ్ళడం మన కుటుంబాలకు అలవాటే. ఏనుగు ముందో, ఎలుగుబంటి ముందో జనం గుమిగూడి ఉంటారు. కొన్నిసార్లు ఆ ఏనుగు ఉన్నచోటనే నిలబడి తలను కుడికీ ఎడమకూ, మళ్ళీ కుడికీ ఎడమకూ ఊపుతూ కనిపిస్తుంది. “అమ్మీ! ఏనుగు డాన్స్ చేస్తోంది చూడు” అని పిల్లవాడు చప్పట్లు కొడతాడు. మనమూ నవ్వుతాం. గంట తరువాత అదే దారిన తిరిగి వచ్చినా అది అలాగే ఊగుతూ ఉంటుంది. అప్పుడైనా మన నవ్వు ఆగిపోవాలి. ఎందుకంటే అది డాన్స్ కాదు.

బంధించబడిన జంతువులు ఒకే కదలికను, ఏ ప్రయోజనమూ కనబడకుండా, గంటల తరబడి పదేపదే చేస్తుంటాయి. శాస్త్రజ్ఞులు దీన్ని స్టీరియోటైపీ అంటారు. పులి బోనులో ఆ గోడ నుండి ఈ గోడకు అవే అడుగులు వేస్తూ తిరుగుతుంది. కోతి తన వెంట్రుకల్ని తానే పీక్కుంటుంది. చిలుక తన ఈకల్ని తానే ఊడబెరుక్కుంటుంది. జూలలో కనిపించే ఈ అవస్థకు 1992లో బ్రిటిష్ నటుడు, జంతు సంరక్షణ కార్యకర్త బిల్ ట్రావర్స్ ‘జూకోసిస్’ అని పేరు పెట్టారు. 2003లో రోస్ క్లబ్, జార్జియా మేసన్ అనే ఇద్దరు పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. సహజ జీవితంలో ఎంత విశాలమైన ప్రాంతంలో సంచరించే మాంసాహార జంతువు అయితే, బోనులో దాని అవస్థ అంత ఎక్కువని వారు తేల్చారు. ధ్రువపు ఎలుగుబంటికి జూలో సాధారణంగా దొరికే చోటు, స్వేచ్ఛగా ఉన్నప్పుడు అది కనీసంగా తిరిగే ప్రాంతంలో పది లక్షలో ఒక వంతు మాత్రమేనట!

కావన్ గాథ

ఈ విషయంలో ఇటీవలి కాలంలో ప్రపంచమంతా విన్న కథ ఒక ముస్లిం దేశంలోనే జరిగింది. 1985లో శ్రీలంక ప్రభుత్వం పాకిస్తాన్‌కు ఒక ఏనుగు పిల్లను కానుకగా ఇచ్చింది. దాని పేరు కావన్. ఇస్లామాబాద్‌లోని మర్ఘజార్ జూలో దాన్ని ఉంచారు. తరువాత బంగ్లాదేశ్ నుండి సహేలీ అనే ఆడ ఏనుగు దానికి తోడుగా వచ్చింది. 2012లో సహేలీ చనిపోయింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు కావన్ మరో ఏనుగును చూడలేదు. చాలాకాలం దాని కాళ్ళకు గొలుసులుండేవి. అది గోడవైపు నిలబడి, గంటల తరబడి తల ఊపుతూ ఉండేది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కావన్ ఆకలితో మాడిపోలేదు. దానికి రోజుకు సుమారు 250 కిలోల చెరకు పెట్టేవారు. పశువైద్యులు పరీక్షించినప్పుడు అది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువుంది. గోళ్ళు మాత్రం పగిలి, పెరిగిపోయి ఉన్నాయి. అంటే కడుపు నిండింది, కానీ తల ఊగడం ఆగలేదు.

2020 మే నెలలో ఇస్లామాబాద్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అథర్ మినల్లా ఈ కేసులో తీర్పు వెలువరించారు. జంతువులకు చట్టపరమైన హక్కులున్నాయా అన్న ప్రశ్నకు, నిస్సంకోచంగా ఉన్నాయని సమాధానమిచ్చారు. ఖుర్ఆన్, హదీసుల బోధనల్ని తీర్పులో వివరంగా ప్రస్తావించారు. అవి కరోనా రోజులు, మనుషులందరూ ఇళ్ళలో బందీలై ఉన్న రోజులు. జంతువులు పడే బాధ మనిషికి తెలియడానికే ప్రకృతి అతణ్ణి ఇలా బంధించిందా అని కూడా ఆయన ఆ తీర్పులో ప్రశ్నించారు.

ఆ జూను ఖాళీ చేయించే క్రమంలో మరో దారుణం జరిగింది. 2020 జూలైలో సింహాలను పెట్టెల్లోకి తోలడానికి బోనులో గడ్డికి నిప్పు పెట్టారు. ఒక మగ సింహం, ఒక ఆడ సింహం చనిపోయాయి. ఆ కష్టం నుండి తప్పించే పనిలో కూడా దయ లేకపోతే అది జులుంగానే మారుతుందనడానికి ఇదొక నిదర్శనం. కావన్ విషయంలో మాత్రం అలా జరగలేదు. ఈజిప్టుకు చెందిన పశువైద్యుడు అమీర్ ఖలీల్ దాని దగ్గర ఉండి, పాటలు పాడి మచ్చిక చేసుకొని, పెట్టెలోకి తనంతట తాను నడిచేలా ఓపికగా అలవాటు చేశారు. 2020 నవంబరు చివరలో కావన్ విమానంలో కాంబోడియా చేరింది. అక్కడి అభయారణ్యంలో మరో ఏనుగు తొండాన్ని తన తొండంతో తాకింది.

అసలు ప్రశ్న

పిల్లి హదీసు మనలో వినని వారుండరు. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. దానికి తిండీ పెట్టలేదు, నేలమీద దొరికే పురుగూ పుట్రా ఏరుకు తినడానికి వదిలిపెట్టనూ లేదు. అది చనిపోయింది. ఆ కారణంగా ఆమె నరకానికి పోయిందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ హదీసు ఉంది.

దీన్నిబట్టి కొందరు, “తిండి పెడితే బంధించవచ్చు కదా!” అంటారు. ఈ మాటను తేలికగా తోసిపుచ్చలేం. అబూ ఉమైర్ అనే చిన్న పిల్లవాని దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోతే ప్రవక్త (స) ఆ బాలుణ్ణి దాని పేరుతో ఆప్యాయంగా పలకరించారు. పిట్టను పెంచుకున్నందుకు మందలించలేదు. దాని బాగోగులు చూసుకుంటూ పక్షిని పెంచుకోవడం ధర్మసమ్మతమేనని ఉలమాలు ఈ హదీసు ఆధారంగా చెప్పారు. కనుక బంధించడం దానంతటదే హరామ్ అని మనం చెప్పడం లేదు. ఈ వ్యాసం ఫత్వా కాదు.

కానీ పిల్లి హదీసును మరోసారి నిదానంగా ఆలోచించండి. అందులో రెండు మార్గాలు చెప్పబడ్డాయి: తిండి పెట్టడం, లేదా తన ఉపాధిని తాను వెతుక్కునేందుకు వదిలేయడం. అంటే జంతువును బంధించినవాడు అల్లాహ్ దాని కోసం తెరచి ఉంచిన ఉపాధి ద్వారాన్ని మూసివేశాడు. మూసినవాడే ఆ లోటును పూడ్చాలి. ఇదీ న్యాయం. ఇక పిల్లికి ఆ ద్వారంలో దొరికేది ఆహారం. మరి ఏనుగుకు దొరికేది ఆహారమొక్కటేనా? మైళ్ళ కొద్దీ నడక, ఒళ్ళంతా పూసుకునే బురద, ఈదే నీరు, దారి చూపే పెద్ద ఏనుగు, పక్కన నడిచే గుంపు అన్నీ దాని ఉపాధే. గొలుసు వేసినవాడు వీటన్నింటికీ దారి మూశాడు. బదులుగా చెరకు పెట్టి బాకీ తీరిందంటే ఎలా కుదురుతుంది?

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో పరమపదించిన ప్రసిద్ధ షాఫయీ పండితుడు ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) మనిషిపై పశువులకున్న హక్కుల్ని ఒక పట్టికగా రాశారు. ముసలిదైనా, జబ్బుపడి పనికిరాకపోయినా దాన్ని పోషించాలి. శక్తికి మించి బరువు మోపకూడదు. దాన్ని గాయపరచే జంతువులతో కలిపి ఉంచకూడదు. విశ్రమించే చోటు బాగుండేలా చూడాలి. జతకట్టే కాలంలో ఆడ మగ జంతువుల్ని కలిపి ఉంచాలి. ఇందులో మేత ఒక అంశం మాత్రమేనని గమనించండి. చోటు, తోడు కూడా హక్కులే.

ఆవు, మేక, కోడి వేల ఏళ్ళుగా మనిషి వాకిట్లో బతికాయి. వాటికి కావలసింది మనం ఇవ్వగలం. పశువుల మంద సాయంత్రం ఇంటికి మళ్ళడంలోని అందాన్ని నహ్ల్ సూరా మనకు గుర్తుచేస్తుంది. కానీ పులికి, ఏనుగుకు, ఎలుగుబంటికి కావలసింది నాలుగు గోడల మధ్య ఇవ్వడం మన తరమా? ఇవ్వలేని హక్కును బాకీగా నెత్తికెత్తుకోవడం తెలివైన విశ్వాసి లక్షణం కాదు.

కొందరి అభ్యంతరాలు

“జూలు లేకపోతే అంతరించే జాతులు ఏమైపోతాయి?” అని కొందరడుగుతారు. ఇందులో నిజం ఉంది. అరేబియా ఎడారుల తెల్లని ఓరిక్స్ జింక 1972 నాటికి స్వేచ్ఛా జీవితంలో కనుమరుగైంది. బంధనంలో పెంచి పునరుత్పత్తి చేసిన జింకల్ని 1982లో ఒమన్‌లో తిరిగి వదిలారు. ఇలాంటి సంకల్పంతో చేసే పని వేరు, టికెట్ల కోసం చేసే పని వేరు. అయితే మంచి సంకల్పం ఉన్నంత మాత్రాన ఆ జంతువు హక్కు రద్దుకాదు.

“ఖుర్బానీ ఇచ్చే మీరు జంతువుల బాధ గురించి మాట్లాడుతున్నారా?” అని మరికొందరడుగుతారు. జిబహ్ చేసే ముందు కత్తికి పదును పెట్టమని, జంతువుకు ఊరట కల్పించమని, దాని కళ్ళెదుట కత్తి నూరవద్దని నేర్పిన ధర్మం మనది. అవసరం కోసం, అల్లాహ్ పేరుతో, క్షణాల్లో ముగిసే ఆ బాధను కూడా తగ్గించమన్న ధర్మం, కేవలం వినోదం కోసం ముప్పై ఐదేళ్ళు సాగే బాధను సమ్మతిస్తుందా?

“ఇది కొందరి పొట్టకూడు కదా!” అన్నది మరో ప్రశ్న. మన దేశంలో ఖలందర్లు తరతరాలుగా ఎలుగుబంట్లను ఆడించి బతికారు. వారు మన సోదరులే, నిరుపేదలు. ఎలుగు మూతికి బెజ్జం పొడిచి తాడు దూర్చేవారు. ఎలుగుబంట్లను ప్రదర్శనలకు వాడకూడదని ప్రభుత్వం 1998లో ఉత్తర్వు జారీచేస్తే, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ కుటుంబాలకు వేరే జీవనోపాధి, పిల్లలకు చదువు చూపించాక, 2009 నాటికి ఆ ఆట ముగిసింది. తాడు తీసేసినా కొన్ని ఎలుగుబంట్లు తల ఊపడం మానలేదు. బంధనం వదిలినా మనసుకు తగిలిన దెబ్బ త్వరగా మానదన్నమాట. పేదవాని ఆకలి తీర్చడం సమాజం బాధ్యత. ఆ భారాన్ని మూగజీవి మూతిమీద మోపడం న్యాయం కాదు.

మూగజీవి ఫిర్యాదు

ఒకరోజు ప్రవక్త (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒంటె ఆయన్ని చూసి మూలిగింది. దాని కళ్ళ నుండి నీరు కారింది. ఆయన దగ్గరికి వెళ్ళి దాని చెవుల వెనుక నిమిరారు. అది శాంతించింది. తరువాత యజమానిని పిలిచి, అల్లాహ్ నీ ఆధీనంలో ఉంచిన ఈ పశువు విషయంలో ఆయనకు భయపడవా, నీవు దీన్ని ఆకలితో ఉంచుతున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని ఇది నాకు ఫిర్యాదు చేసిందని చెప్పారు. ఇది అబూ దావూద్‌లోని ఉల్లేఖనం.

ఒంటె భాష మనకు రాదు. కానీ ఊగే తల, బోనులో అరిగిన అడుగుల దారి, ఊడిన ఈకలు ఇవన్నీ ఫిర్యాదులే. అంతేకాదు, ఊగని జంతువు సుఖంగా ఉందని కూడా అనుకోవద్దు. కదలడం మానేసి ఓ మూల పడివుండే జంతువు పరిస్థితి ఊగేదానికన్నా అధ్వాన్నంగా ఉండవచ్చని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు. ఆ ఫిర్యాదు విని కూడా చప్పట్లు కొట్టినవాడు ఆ యజమాని పక్కనే నిలబడ్డట్టు కాదా?

మన ఇంటి పంజరం

చివరగా ఒక మాట మన ఇళ్ళ గురించి. రామచిలుకను పంజరంలో పెట్టి సలామ్ చెప్పడం, కలిమా పలకడం నేర్పి మురిసిపోయే ఇళ్ళు మనలో ఉన్నాయి. మన దేశపు చిలుకల్ని పట్టి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతు తెలుపుతోంది. రెక్కలు చాచి ఎగిరే పక్షులకు తమ నమాజు, తమ తస్బీహ్ ఏమిటో తెలుసునని నూర్ సూరా 41వ ఆయతు తెలుపుతోంది. అంటే ఆకాశంలో ఆ చిలుకకు తనదైన తస్బీహ్ ఉండేది. మనం దాని రెక్కల్ని బంధించి మన మాటలు నేర్పాం. ఇందులో పుణ్యమెంత, మన ముచ్చట ఎంత? ఎవరికి వారు నిజాయితీగా బేరీజు వేసుకోవాలి.

మరోసారి పిల్లల్ని జూకు తీసుకెళ్ళినప్పుడు ఊగే ఏనుగు కనిపిస్తే, అది డాన్స్ కాదని చెప్పండి. అదెందుకు ఊగుతోందో వివరించండి. అక్కడి అధికారికి మర్యాదగా ఒక ఫిర్యాదు రాసి, దానిపై పిల్లవానితో కూడా సంతకం చేయించండి. నోరులేని జీవి తరఫున ఒక్క మాట పలకడం ఒంటె కన్నీరు తుడిచిన ప్రవక్త (స) సంప్రదాయమే.

మన ఆధీనంలో ఉన్న ప్రతి ప్రాణి హక్కునూ గుర్తించే హృదయాన్ని, దాన్ని నెరవేర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.