బిళ్ళ వెనక తడి

ఉప్పాడ ఒడ్డున ఒక కుర్రాడికి తండ్రి వదిలివెళ్ళిన ఫైబర్ బోటు ఉండేది. వేట ముగించి ఒడ్డెక్కగానే వెనక పలక అడుగునున్న బిరడా తిప్పి తీస్తే, లోపల చేరిన నీళ్ళన్నీ ఇసుకలోకి పోయేవి. మళ్ళీ సముద్రంలోకి నెట్టే ముందు దాన్ని బిగించాలి. ఆ బిరడా కూర్చునే ఇత్తడి బిళ్ళని నాలుగు మరలతో పలకకి బిగించి ఉంచారు. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఒక ఏడు సంక్రాంతి వెళ్ళాక బోటులోకి నీళ్ళు రావడం మొదలైంది. కుర్రాడు వాషరు మార్చాడు. బిరడాయే కొత్తది కొన్నాడు. చివరికి ఒక ట్యూబు సిలికాన్ తెచ్చి బిళ్ళ చుట్టూ, మరల తలల మీదా దట్టంగా పూశాడు. నాలుగు రోజులు నీళ్ళు ఆగాయి. అయిదోనాడు అడుగున మళ్ళీ చెమ్మ కనిపించింది.

ఏప్రిల్ 15న వేట నిషేధం వచ్చింది. ఇక జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను బోట్లన్నీ ఒడ్డునే. బోట్లు బాగుచేసే ముసలి మేస్త్రిని కుర్రాడు పిలుచుకొచ్చాడు.

"మావయ్యా, దీనికన్నా గట్టి మందేదన్నా ఉంటే చెప్పు, పూసేస్తాను."

మేస్త్రి మందు పేరు చెప్పలేదు. మరలు విప్పడం మొదలెట్టాడు. మూడింటిని తిప్పాల్సి వచ్చింది. నాలుగోది వేళ్ళతో లాగితేనే ఊడొచ్చింది. బిళ్ళ తీసి కన్నం అంచు చూపించాడు. లోపలా బయటా ఫైబర్ పొరలు రాయిలా ఉన్నాయి. వాటి మధ్య ప్లైవుడ్ మాత్రం నల్లబడిపోయింది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే తడిబెల్లంలోకి దిగినట్టు దిగింది. వేలితో నొక్కితే పుల్లటి వాసనతో నీరూరింది.

"కన్నం కోసిననాడు ఈ చెక్క అంచుకి రెజిన్ పట్టించలేదురా అల్లుడూ. బిళ్ళ వెనకనుంచీ మరల కన్నాల్లోంచీ చెక్క నీళ్ళు తాగుతూనే ఉంది. నువ్వు పైన పూసిన మందు ఆ తాగిన నీటిని బయటికి పోనివ్వలేదు."

కుర్రాడు ఇంజను వంక చూశాడు. అదీ ఆ పలకకే వేలాడుతోంది.

కుళ్ళిన మేర కోసేశారు. మర్నాడే మూసేద్దామన్నాడు కుర్రాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. ఎండలో ఆరబెట్టించి, రోజూ సాయంత్రం అరచెయ్యి ఆనించి చూసి, "ఇంకా లేదు" అని వెళ్ళిపోయేవాడు. ఈలోగా పాత సిలికాన్ గీకే పని కుర్రాడికి పడింది. దాని జిడ్డు ఏ మాత్రం మిగిలినా రెజిన్ అక్కడ పట్టదు. పూయడానికి పావుగంట పట్టింది, గీకడానికి రెండు రోజులు పట్టింది.

ఆరాక కొత్త ప్లైవుడ్ ముక్క అతికించి, కన్నం అంచుకీ మరల కన్నాలకీ రెజిన్ తాగించారు. అది గట్టిపడ్డాక బిళ్ళ వెనక పడవలకి వాడే సీలెంట్ పరిచారు. కుర్రాడు బలం కొద్దీ బిగించబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. "అంచు చుట్టూ సన్నగా పొంగితే చాలు. మరీ బిగిస్తే మందంతా బయటికొచ్చేసి మధ్యలో ఏమీ మిగలదు." వారం రోజులు దాన్ని ముట్టుకోనివ్వలేదు.

ఆఖరున బోటు లోపల బిందెలకొద్దీ నీళ్ళు పోశారు. కుర్రాడు బయట ఇసుకలో బోర్లా పడుకుని బిళ్ళ చుట్టూ సుద్దముక్కతో రుద్దాడు. చెమ్మ తగిలితే సుద్ద రంగు మారుతుంది. పొద్దు వాలేదాకా అది తెల్లగానే ఉంది.

నీతి: లోపలి తడి ఆరకుండా పైన వేసిన మూత కుళ్ళుకే కాపలా కాస్తుంది.

ఈ మాట పడవల కోసమే చెప్పడం లేదు. అన్నదమ్ములు మాటలు మానుకుంటే పెద్దమనుషులు కూర్చోబెట్టి, చేతులు కలిపించి, టీ తాగించి పంపేస్తారు. తమ్ముడు ఇవ్వాల్సిన వల డబ్బు ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తితే మళ్ళీ గొడవవుతుందని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఏడాది తిరగకుండానే తల్లి తద్దినం రోజున, పిల్లల ముందు, అదే గొడవ పదింతలై లేవడం కళ్ళారా చూశాను. మిమ్మల్ని రాజీకి పిలిస్తే రెండు పూటలు ఎక్కువ కూర్చోండి. ఆ వల ఎప్పుడు కొన్నారో, ఎవరు ఎంత పెట్టారో ఇద్దరినీ చెప్పనివ్వండి. చేతులు కలపమనడం ఆ తరవాత.