కందిరీగయు కర్తృత్వమును

గోడమూలలో మట్టిగూడు కట్టి, పచ్చపురుగు నొకదానిని మోసికొనివచ్చి అందుంచి, ద్వారము మూసిపోయెడు కందిరీగను మన పూర్వులు శ్రద్ధతో చూచిరి. కొన్ని దినములకు ఆ గూడు పగిలి పురుగునకు మాఱుగా కందిరీగయే వెలువడుట గాంచి, భయముచేతనైనను దానినే నిరంతరము ధ్యానించిన పురుగు తద్రూపమును పొందెనని తలంచి, భ్రమరకీటన్యాయమును ఏర్పఱచిరి. భాగవత ఏకాదశస్కంధమున అవధూత యదువునకు తన గురువులను పేర్కొనుచు ఈ కందిరీగను గూడ వారిలో చేర్చినాడు. ధ్యేయమునందు లగ్నమైన చిత్తము ధ్యేయాకారమును దాల్చునన్న ఆ బోధ భక్తునకు నేటికిని ప్రాణప్రదమే. కాని గూటిలో జరుగునది వేఱు. కందిరీగ కొండితో పొడిచి పురుగును చంపక నిశ్చేష్టము మాత్రము చేయును; ఆ గూటిలోనే గ్రుడ్డు పెట్టును; అందుండి పుట్టిన పిల్ల, క్రుళ్లక ప్రాణముతో నిలిచియున్న ఆ పురుగును తిని పెరుగును. పురుగు కందిరీగ యగుట లేదు, కందిరీగకు ఆహారమగుచున్నది. దృష్టాంతము చెడినంతమాత్రమున సిద్ధాంతము చెడదు. అయినను ఆ గూడు విప్పి చూచినవానికి ధ్యానమును గూర్చి గాక, దయను గూర్చియే ప్రశ్న పుట్టును.

ఆ ప్రశ్నయే 1860 మే నెలలో డార్విన్‌ను బాధించినది. గొంగళిపురుగుల సజీవదేహములలో పెరుగు ఇక్నూమన్ కందిరీగలను దయామయుడును సర్వశక్తుడును అగు భగవంతుడు బుద్ధిపూర్వకముగా సృజించెనని నమ్మజాలకున్నానని ఆయన అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రే కు జాబు వ్రాసెను. మనవారికి ఈ శంక క్రొత్తది కాదు. బ్రహ్మసూత్రముల ద్వితీయాధ్యాయ ప్రథమపాదమున ఈశ్వరునిపై పక్షపాతము, నిర్దయత అను రెండు దోషములను మోపి, జీవుల కర్మమును బట్టియే సృష్టి జరుగుచున్నదని పరిహరించిరి. వాన అన్నిటిపై సమముగానే కురిసినను మొలకల భేదము విత్తనములదేయని శంకరులు వివరించిరి. రామానుజులును కర్మమునే ఆశ్రయించిరి. ఈ సమాధానము ఈశ్వరుని దోషమునుండి తప్పించునేమో కాని, నిశ్చేష్టమై పడియున్న పురుగును చూచుచు, నీ బాధ నీ పూర్వకర్మమేయని పలుకుటకు నాకు నోరు రాదు.

తిరుపతిలో నుండువానికి ఈ ప్రశ్న మఱింత దగ్గఱిది. వేదాంతదేశికులు దయాశతకమున వేంకటేశ్వరుని దయనే ఒక దేవతగా భావించి స్తుతించిరి. ఆ దయ చెఱకురసమువలె ప్రవహించి, శర్కరగా గట్టిపడి, తిరుమల కొండయై నిలిచినట్లు వారి ఊహ. ఆ కొండ క్రిందనే తిరుపతి చెంత పెరుమాళ్లపల్లిలో చెఱకుపై కృషి సల్పు వ్యవసాయ పరిశోధనాస్థానమున్నది. చిత్తూరు బెల్లమునకు దేశమంతట పేరున్నది. ఈ చెఱకు లేతపైరుగా నున్నప్పుడే పీకపురుగు పిలకను మొదట తొలిచి లోనికి పోవును, మొవ్వు ఎండిపోవును, పట్టి లాగినచో దుర్గంధముతో ఊడి చేతికి వచ్చును. దీనికి విరుగుడుగా రైతులు తోటలో కట్టెడు ట్రైకో కార్డులపై నున్నది ట్రైకోగ్రామా కైలోనిస్ అను కందిరీగ. దాని దేహము మిల్లీమీటరు పొడవైనను ఉండదు. అది పురుగును తాకదు. పురుగు పుట్టవలసిన గ్రుడ్డులోనే తన గ్రుడ్డు పెట్టును.

ఈ అల్పప్రాణి జననవిధానము నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. తల్లి తాను దాచుకొన్న వీర్యమును గ్రుడ్డునకు తగిలించినచో ఆడుపిల్ల, తగిలింపనిచో మగపిల్ల. మగవానికి తండ్రియే లేడు, తల్లినుండి వచ్చిన ఒక్క క్రోమోజోముల వరుసయే వాని సర్వస్వము. తల్లి అన్యుల గ్రుడ్డుపై నడచి, ఆ నడకచేతనే దాని పరిమాణమును గ్రహించి, అందులో ఎన్ని పిల్లలు పెరుగగలవో అన్ని గ్రుడ్లే పెట్టును. ఎంతటి వివేకమని మనము మెచ్చుకొనునంతలో మఱియొక సంగతి ఎదురగును. కొన్ని ట్రైకోగ్రామా కందిరీగల దేహమున వోల్బాకియా అను సూక్ష్మజీవి నివసించి, వీర్యము తగులని గ్రుడ్డులో క్రోమోజోములను ఇనుమడింపజేసి దానిని గూడ ఆడుదానిగా మార్చును. 1990లో స్టౌథామర్ మున్నగువారు ఔషధముచే ఆ సూక్ష్మజీవిని తొలగింపగా మరల మగపిల్లలు పుట్టినవి. తల్లి సంకల్పమని మనము తలంచినదానిలో కొంత ఆమెది కాదు, ఆమెలో కాపురమున్న అన్యజీవిది. ఈ పరంపరలో కర్త ఎవరు? తిర్యగ్జన్మములు భోగయోనులే కాని క్రొత్తకర్మమును ఆర్జించునవి కావని మన పెద్దలు చెప్పినది, సూక్ష్మదర్శినికి అందని ఊహగా నేను భావింపను. కందిరీగకు పాపము లేదు, ఏలయనగా చేయక మానుటకు దానికి శక్తి లేదు.

ఆ శక్తి కలవాడు కార్డు కట్టు మనుజుడు. డార్విన్ భగవంతుని అడిగిన ప్రశ్నను ఈ చెఱకుతోటలో రైతును అడుగవలసియున్నది. రైతును మాత్రమే యననేల, ఆ బెల్లముతో పరమాన్నము వండి దేవునికి నివేదించు నన్నును అడుగవలెను. పురుగుమందు చల్లినచో పీకపురుగుతో పాటు సాలీడు, అక్షింతల పురుగు, తేనెటీగ, కందిరీగ గూడ చచ్చును. కార్డు కట్టినచో, బాధ నెఱుగుటకు తగిన దేహము పూర్తిగా ఏర్పడకమునుపే శత్రువు గ్రుడ్డులో అంతరించును. ఇందు హింస తక్కువయని నా దృఢవిశ్వాసము. కనుకనే కార్డునే కోరుదును. అయితే తక్కువ హింస అహింస కాదు. ప్రకృతిలో జరుగుచున్నదే మేమును చేయుచున్నామని చెప్పుకొనుట చెల్లదు, ఎందుకనగా ప్రకృతిలోని కందిరీగ మన పంటకొఱకు గ్రుడ్డు పెట్టదు. దానిని వేలకొలది పెంచి, నాటిన నెలకు తోటలో విడిచిపెట్టు సంకల్పము మనది, కర్మమును మనదే. ఈ లెక్క వ్రాయబూనినవాడు పీకపురుగును మాత్రము వ్రాసి ఊరకుండరాదు. కార్డుపై జిగురుతో అంటించియుండు దాదాపు 20,000 గ్రుడ్లు కార్సైరా అను మఱియొక రెక్కలపురుగువి. నూకలపై దానిని పెంచి, గ్రుడ్లు ఏఱి, అవి పొదుగకుండ అతినీలలోహిత కిరణములచే ముందే నిర్జీవము చేసి, కందిరీగ పిల్లలకు ఆహారముగా ఒప్పగించినవారము మనమే.