కొండదారిలో కూర్చుండు చోటు

కొండ యెక్కువారిలో రెండు తెగలవారు కలరు. ఒక తెగవారు ఎక్కడను కూర్చుండకుండ శిఖరమునకు చేరితిమని గర్వింతురు. రెండవ తెగవారు నడుమ కూర్చుండవలసి వచ్చినందుకు సిగ్గుపడుదురు. ఈ గర్వమును, ఈ సిగ్గును ఒక్క భ్రమనుండియే పుట్టినవి. విశ్రమించుట బలహీనత యనియు, సుఖముగా విశ్రమించుట విలాస మనియు తలంచుటయే ఆ భ్రమ. నడచువాడు హాయిగా కూర్చుండుటకు తగిన చోటు వెదకుకొనుట దోషమా? ఈ ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. కాని విడువక విచారించినచో, మన శరీరముపట్లను, తోడివారిపట్లను, సంఘముపట్లను మనకు గల ధర్మము ఎట్టిదో దీనివలననే కొంతవఱకు తెలియగలదు.

మొదట శరీరమును గూర్చి విచారింతము. తిరుమలకు అలిపిరి మార్గమున ఎక్కువాడు ఇంచుమించుగా 9 కిలోమీటరుల దారిలో 3,550 మెట్లు దాటవలెను. ప్రతి మెట్టునను తన దేహభారమునంతను ఒక్క కాలిమీద పైకెత్తవలెను. 1944లో మొదటి ఘాటురోడ్డు ఏర్పడువఱకు కొండకు పోవువారందఱును కాలినడకనో డోలీలలోనో పోవలసినవారే. అట్టి శ్రమలో గుండె వేగముగా కొట్టుకొనును, చెమట కాఱును, కండరములు బిగియును. నడుమనడుమ కూర్చుండుట నడకకు అంతరాయము కాదు. అది నడకలోని భాగమే. నాగలి కట్టిన యెద్దులకు ఊపిరి తిప్పుకొనుటకు వ్యవధి నిచ్చు మనుష్యుడు, తన మోకాళ్ళకు మాత్రము ఆపాటి దయ చూపకుండుట ఏమి న్యాయము?

అయితే ఎక్కడబడిన నక్కడ చదికిలబడుట విశ్రాంతి కాదు. నేలకంటి కూర్చుండినవాడు లేచునప్పుడు అలసిన మోకాళ్ళతోనే తన బరువు నెత్తుకొనవలెను. వీపున మూట యున్నచో ఆ కష్టము మఱింత హెచ్చును. మోకాలియెత్తు బండయో, గట్టో, కూలిన మ్రానో దొరకినచో పాదములు నేల నాని యుండును, లేచుట సులభమగును. తడిసిన చల్లనిరాయి దేహములోని వేడిమిని లాగివేయును. మిట్టమధ్యాహ్నపు టెండకు కాగినరాయి ఒడలిని కాల్చును. మడిచిన దుప్పటి యొకటి వేసికొనినచో రెండుబాధలును తప్పును. చెమటతో తడిసినవాడు గాలి కొట్టు కొండకొమ్మున కూర్చుండినచో కొంతసేపటికే వణకును. కొంచెము దిగువగా గాలిచాటున కూర్చుండుట మేలు. ఎండినవాగులోని యిసుక మెత్తగా నుండును గాని, ఎగువ నెక్కడనో వాన కురిసినప్పుడు ఆ వాగు చెప్పిరాదు. వ్రేలాడు బండల క్రింది నీడ చల్లగా నుండును గాని నమ్మదగినది కాదు. రాతిసందులలో తేళ్ళును పాములును ఉండవచ్చును గనుక, చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో తట్టి చూడవలెను. అడవిదారిలో పిల్లలను ఒంటరిగా వెనుక విడువరాదు, ముందునకు పోనీయరాదు. 2023 ఆగస్టులో అలిపిరి మార్గమున చిఱుతపులి ఒక బాలికను చంపిన సంగతి తల్లిదండ్రులు మఱవరానిది. ఇన్ని విషయముల నాలోచించి చోటు నెంచుకొనువానిని సోమరి యనుట తగదు. వాడు చేయుచున్నది వివేకముతోడి పని.

ఇంతవఱకు తనకొఱకు తాను కూర్చుండువాని మాట. ఇక బరువు మోయువాని సంగతి చూతము. వీపునగాని తలపైనగాని పెద్దమోపు గలవాడు తనకు నచ్చినచోట కూర్చుండలేడు. కూర్చుండినచో ఒకరు సాయము పట్టనిదే లేవలేడు. కనుక వానికి విశ్రాంతి కావలెనన్నచో ఇతరులు ముందుగా ఆలోచించి దారిలో ఏర్పాటు చేసి యుండవలెను. కేరళదేశమున పాతదారుల ప్రక్కలను అత్తాణి యను రాతికట్టడములు కలవు. రెండు రాతిస్తంభములు నిలిపి, వానిపై అడ్డముగా ఒక దూలమురాయి వేసి, నిలిచినవాడు వంగకుండనే తన మోపును దానిమీదికి జరుపుకొనునట్లును, మరల పరసాయము లేకుండ తలకెత్తుకొనునట్లును వానిని కట్టిరి. తమిళదేశమున దీనినే సుమైతాంగి యందురు. నేపాళమున కొండదారుల వెంట రావిని మఱ్ఱిని నాటి, వాని చుట్టును చౌతారి యను రాతితిన్నెలను కట్టుదురు. కూర్చుండుటకును బరువు దించుటకును అవి యుపయోగపడును. చౌతారి దొరకని చోట కూలివాడు టొక్మా యను పొట్టి చేతికఱ్ఱను మోపు క్రింద ఊతగా నిలిపి, నిలుచుండియే ఊపిరి తీసికొనును.

ఈ కట్టడములయందు శిల్పసౌందర్యమేమియు లేదు. కాని కట్టించినవారు తమ యెత్తును గాక, బరువు మోయువాని తలయెత్తును కొలిచి కట్టించిరి. పరోపకారమన నిదియే యని నా యభిప్రాయము. దానము చేయువారు తఱచుగా తమకు తోచినది ఇత్తురు. పుచ్చుకొనువాని మోకాలియెత్తును, తలయెత్తును తెలిసికొని ఇచ్చువారు కొందఱే.

తమిళదేశమున సుమైతాంగులను గర్భవతులై మరణించిన స్త్రీల జ్ఞాపకార్థము నిలుపు ఆచారము ఉండెడిది. కడుపులోని భారము దిగకుండనే పోయిన యామె పేర, పరుల భారము దించు రాయి నొకటి నిలుపుట ఎంతటి కరుణగల యూహ! అయినను ఈ రాళ్ళను చూచునప్పుడు మన మనస్సు కరుణతోనే తృప్తిపడరాదు. ఆమె బ్రతికి యున్న దినములలో బరువు దించుమన్నవారెవ్వరు? నిండుచూలాలిచేత నీళ్ళు మోయించి, వైద్యసహాయము సమకూర్పక, చనిపోయిన పిమ్మట రాయి నిలిపినచో ఆ ఋణము తీఱునా? నేటికిని మన తెలుగుదేశపు మన్యపు పల్లెలు కొన్నిటినుండి గర్భిణీస్త్రీలను డోలీకట్టి రోడ్డువఱకు మోసికొని వచ్చుచున్నట్లు పత్రికలలో చదువుచునే యున్నాము. ఆ మోయువారికి దారిలో డోలీ దించుకొనుటకు ఒక తిన్నె కావలెను. అంతకంటె ముందుగా ఆమెకు దారియు, వైద్యుడును కావలెను. మొదటిదానిని చూపి రెండవదానిని మఱపించు ధర్మము ధర్మము కాదు.

ఈ విషయమున అశోకచక్రవర్తి చెప్పినది గమనింపదగియున్నది. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమునాటి యాతని 7వ స్తంభశాసనమున, మనుష్యులకును పశువులకును నీడకొఱకు దారుల వెంట మఱ్ఱిచెట్లు నాటించితి ననియు, మామిడితోపులు వేయించితి ననియు, బావులు త్రవ్వించి విశ్రాంతిగృహములు కట్టించితి ననియు చెప్పెను. అంతటితో ఆగక, ఇట్టి సౌఖ్యము స్వల్పమైన దనియు, పూర్వరాజులును దీనిని చేసి యుండి రనియు, జనులు ధర్మము నాచరింతురను కోరికతోనే తాను చేసితి ననియు చేర్చెను. నీడ యిచ్చినవాడు నీడను తక్కువచేసి మాటలాడుట వింతగా తోచవచ్చును. అలసట తీఱినవాడు తిన్నెమీద తన సుఖమునే చూచుకొనక, వెనుకవచ్చు వానికి చోటు విడుచునప్పుడే ఆ తిన్నె కట్టించిన ఫలము దక్కునని దాని తాత్పర్యముగా గ్రహింపవచ్చును.

ఇక్కడ నొక యాక్షేపము రాగలదు. యాత్రయన తపస్సు, తపస్సునకు కష్టమే ప్రాణము, తిరుమల దారిలో మోకాళ్ళమెట్టు కడ రామానుజులవారు పవిత్రమైన కొండను పాదములతో త్రొక్కుట కిష్టపడక మోకాళ్ళతో నెక్కిరను ఐతిహ్యము కలదు గదా, అట్టిచోట కూర్చుండు సుఖమును గూర్చి విచారించుట తగునా? అందురు. తాను కోరి తనమీద పెట్టుకొనిన కష్టము పూజ్యమే. కాని ఆ కష్టమును తల్లిమీదను, బాలునిమీదను, కూలివానిమీదను మోపి, వారు కూర్చుండగోరినప్పుడు భక్తి చాలదని నిందించుట పూజ్యము కాదు. ఒకని వ్రతము మఱియొకనికి శిక్ష కారాదు. ఆ దారిలోనే మండపములును, మార్గమున చాలభాగముపై కప్పును కట్టించినవారు భక్తిలేనివారా?

మఱియొక సంగతి. మన దేశమున ఎక్కడ కూర్చుండవలెనను ప్రశ్న శరీరశ్రమను బట్టిగాక పుట్టుకను బట్టి తీర్మానింపబడుచు వచ్చినది. రచ్చబండమీద కొందఱు, దాని క్రింద కొందఱు, దానికి దూరముగా కొందఱు. సత్రపు టరుగుమీద అలసట లేనివాడు పండుకొని యుండగా, మోపు మోసినవాడు ఎండలో నిలిచిన కాలము మన తాతలు చూచినదే. 1950లో అమలునకు వచ్చిన భారతరాజ్యాంగము 15వ అధికరణమున బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రోడ్లు, ప్రజలు వచ్చిపోవు స్థలములు వీనియందు కులముచేతగాని మతముచేతగాని ఎవరికిని ఆటంకము కలిగింపరాదని శాసించినది. శాసనము దారిని తెఱచినది. కాని ప్రక్కకు జరిగి చోటిచ్చుట శాసనముచేత రాదు. అది మన మనస్సునుండి రావలెను.

కావున దారిని పోవువారు కొన్ని చిన్న నియమములను పాటించుట మంచిది. మెట్ల నడుమ కూర్చుండి యితరుల దారి కడ్డము రాకూడదు. ఒక్కరు కూర్చుండి ముగ్గురి చోట మూటలు పఱవకూడదు. వృద్ధులు, గర్భిణులు, బరువు మోయువారు వచ్చినప్పుడు వారడుగకముందే లేవవలెను. తిన్న విస్తరిని, త్రాగిన సీసాను అక్కడ విడిచి పోయినచో వెనుకవచ్చువాని చోటును మనము దొంగిలించినట్లే. కూర్చుండినవానిని చూచి నవ్వకూడదు. తోడివచ్చిన ముసలితల్లి అలసియు, పిల్లలకు ఆలస్యమగునని "నాకేమియు బాగానే యున్నది" అనును. ఆమెను కూర్చుండుమని బలవంతపెట్టుటకంటె, "అమ్మా, నాకు కాళ్ళు పీకుచున్నవి, కొంచెము కూర్చుందము" అని మనమే ముందు కూర్చుండుట మేలు. ఆమె గౌరవమును నిలుచును, కాళ్ళకు విశ్రాంతియు కలుగును.

ఈ మాట కొండదారితో ముగియదు. ఉదయము మొదలు రాత్రివఱకు ఇంటిలో నిలుచుండియే యుండు మనుష్యురా లొకతె ప్రతి కుటుంబమునను కలదు. అందఱును భోజనము చేసినపిమ్మట వంటయింటి మూలలో నేలమీద కూర్చుండి ఆమె తినును. పనిచేయుచోట ఆమె యెత్తునకు తగిన పీట గాని బల్ల గాని యున్నదో లేదో ఇంటివారిలో నెందఱు చూచిరి? కొండలలో ముక్కుమొగ మెఱుగని కూలివాని తలయెత్తును కొలిచి రాళ్ళు నిలిపిన పూర్వులు మనకు కలరు. మన వంటయింటిలోని యామె యెత్తును కొలుచుటకు కొండ లెక్కనక్కఱలేదు. ఈ పూటనే, వడ్డించుచున్న యామెను మనతోపాటు కూర్చుండుమని పిలిచి, గిన్నె మన చేతిలోనికి తీసికొనిన చాలును.